ఎడమ చేతి గులాబీ

పొద్దున్నే నర్సరీ షెడ్డులో పిన్ని కత్తి నూరేది, ఆమె అక్క కూతురు సుడిగాలి టేపు ముక్కలు కత్తిరించేది. పిన్ని గులాబీ కొమ్మ మీద చిగురు వేసే కన్నుని కాస్త బెరడుతో సహా ఒలిచి, అడవి గులాబీ మొదట్లో పెట్టిన గాటులోకి దూర్చేది. సుడిగాలి టేపు చుట్టేది. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆ పిల్లని పెంచిందీ పిన్నే, ఆ ముద్దుపేరు తగిలించిందీ పిన్నే. ఇరవై దాటినా టేపు దగ్గరే ఉండిపోయానని ఆ పిల్లకి కడుపుమంట.

"నాకెప్పుడిస్తావ్ కత్తి?"

"నీ కాలు ఒకచోట నిలిచిన రోజున."

తీరా చూస్తే నిలవనిది పిన్ని చెయ్యే అయింది. కుడిచేతికి వణుకు పట్టుకుంది. కత్తి పక్కకి పోయి కన్నుని చీల్చేసేది. నర్సరీ యజమాని నసిగి నసిగి, "వచ్చే సీజన్ నుంచి కుండీల్లో మట్టి నింపుదువుగానిలే" అన్నాడు. పడుచుతనమంతా గులాబీ అంట్లు కడుతూ గడిపిన మనిషికి ఆ మాట చెంపదెబ్బ కన్నా ఎక్కువే.

ఆ వారంలోనే ఎర్రగులాబీల వరసలో ఒక మొక్కకి ఒకే ఒక్క కొమ్మ లేత తేనెరంగు పువ్వు పూసింది. అదే పొద్దున పిన్ని ఎడమచెయ్యి ఇరవయ్యేళ్ళదయింది. మణికట్టు దాకా నున్నగా, నిబ్బరంగా. యజమాని భార్య చూసి, "పాత చేతితొడుగు వదులవుతుంది, చిన్న సైజుది తీసుకో" అంది. అంతే. పిన్ని ఎడమచేత్తో కత్తి పట్టడం నేర్చుకుంది. మట్టి సంగతి యజమాని మళ్ళీ ఎత్తలేదు.

వేరే రంగు పూసిన కొమ్మ కనబడగానే కోసెయ్యాలన్నది నర్సరీ పద్ధతి. పిన్ని కొయ్యనివ్వలేదు.

"అంటు మీద అంటు కట్టి చూడాలండీ. మూడు తరాలు రంగు మారకుండా నిలబడితే అప్పుడు నలుగురికీ చెప్పుకుందాం. ముందు కొమ్మ ముదరనీండి."

ముదరనివ్వంది సుడిగాలే. పిన్ని పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు మొక్కల వ్యాపారి వచ్చి ఆ పువ్వు ముందు ఆగిపోయాడు.

"దీన్ని ముందు కనిపెట్టిందెవరు?"

"నేనే."

నోరు జారిందని తర్వాత ఎన్నిసార్లు సర్దిచెప్పుకుందో! జారలేదు. ఆ మాట ఎప్పట్నుంచో నాలుక చివరే కూర్చునుంది.

"అంటు కట్టడం వచ్చా?"

"నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?"

"అయితే కట్టు. యజమానికి నేను చెప్పుకుంటాలే. ఇంత పనిమంతురాలికి టేపు చుట్టే ఖర్మేంటి?"

ఆ పొగడ్తకి ఉబ్బి కొమ్మని మొదలంటా కోసింది. ఒక్క కన్ను మిగల్చలేదు.

సాయంత్రం పిన్ని వాచిన బుగ్గతో వచ్చింది. ఎడమచెయ్యి ముడతలు పడి, కుడిదానితో పోటీగా వణుకుతోంది. ఆమె మాత్రం కోసిన చోటునే చూసింది.

"ముల్లు విరిచి చూశావా?"

సుడిగాలి కత్తిని వెనక్కి దాచుకుంది. ముల్లు పుటుక్కున విరిగితేనే కొమ్మ ముదిరినట్టు. టేపు చుట్టేవాళ్ళకి కూడా తెలిసిన సంగతే.

"పచ్చికొమ్మ. పాపం," అంది పిన్ని. తిట్టినా బాగుండేది.

కట్టిన అంట్లు చాలావరకు మాడిపోయాయి. బతికినవీ ఎర్రగానే పూశాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్నుంచి వ్యాపారి వేల మొక్కలు చేశాడు. అది వెళ్ళిన ప్రతి ఇంట్లో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి పడుచుదయ్యేది: ఓ ముసలాయనకి మోకాలు, పాఠాలు చెప్పి చెప్పి బొంగురుపోయిన పంతులమ్మకి గొంతు. నర్సరీలో తల్లిమొక్క మాత్రం మళ్ళీ ఎరుపు తప్ప పూయలేదు. సుడిగాలి కత్తి దగ్గర కూర్చుంది, పిన్ని మట్టి దగ్గర.

"తిన్నావా?" అని పిన్ని రోజూ అడిగేది. తప్పు చేశాను పిన్నీ అన్న మాట గొంతు దాకా వచ్చి, "తిన్నాను" అయిపోయేది. ఆ ఇంట్లో ఉండలేక సుడిగాలి వేరే గది తీసుకుంది.

చివరికి ఆ తేనెరంగు గులాబీ మొక్కే ఒకటి కొని పిన్ని గుమ్మం పక్కన నాటింది. ఆ చెయ్యి తిరిగొస్తే, అప్పుడైనా ముఖం చూసి క్షమించమని అడగొచ్చని ఆశ. మొదటి మొగ్గ విచ్చిన రోజు పరుగున వెళ్ళింది. పిన్ని చేతులు వణుకుతూనే ఉన్నాయి.

"పిన్నీ, ఆ కొమ్మ..."

పిన్ని తలెత్తింది. మర్యాదగా, కాస్త కుతూహలంగా, కొత్తవాళ్ళని చూసినట్టు చూసింది. ఈసారి ఇరవయ్యేళ్ళదయింది పిన్ని జ్ఞాపకం.

"పిన్నేంటండీ? ఇల్లు పొరబడ్డట్టున్నారు. మా అక్కకి ఇంకా పిల్లల్లేరే."

క్షమించాల్సిన మనిషికి ఆ తప్పు ఇంకా జరగనే లేదు.

"అయ్యో, ఏడుస్తున్నారేంటి? లోపలికి రండి." పిన్ని కుర్చీ జరిపింది. "కూర్చోండి. మా అక్క వచ్చే వేళయింది. ఎంత కష్టమైనా సరే, దానికి చెప్పుకుంటే సగం తీరిపోతుంది."

సుడిగాలి కూర్చుంది, గుమ్మం వైపు చూస్తూ.