ముందు చదువు, తర్వాత ఏడువు

చర్ల గ్రామ చరిత్రలో టెలిగ్రాము అందుకొని నవ్విన ఏకైక గృహం హవల్దారు వెంకటరామారావుది. లోకానికి టెలిగ్రాము యమదూత. సైన్యంలో తంతివార్తలు పంపడమే వృత్తిగా గల ఆ మహానుభావునికి మాత్రం అది కుశలప్రశ్న. జబల్పూరు నుంచి ఆయన ప్రసాదించిన "గోంగూర చేరినది. ఉప్పెక్కువ" అన్న మహాకావ్యం విప్పకముందే వీధి వీధంతా గుండెలు బాదుకుంది. శోకానికి నాయకత్వం వహించిన పక్కింటి అక్బరీ బేగం, సారాంశం తెలిశాక, "ఉప్పెక్కువైతే గింతమందిని ఏడిపిస్తడా ఆయన!" అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ సెలవుల్లో వచ్చిన హవల్దారు, వీధిలో ఇంగ్లీషు చదవగల ఏకైక విదుషీమణి, తన పన్నెండేళ్ల కూతురు ప్రమీలారాణికి శాశ్వత ఉత్తర్వు జారీచేశాడు: "కాగితం చూసి ఏడువద్దు బిడ్డా. ముందు చదువు, తర్వాత ఏడువు." రెండేళ్లపాటు ఆమె చుట్టూ వీధి ఏడుస్తుండగా పొడికళ్లతో కాగితాలు విప్పుతూ వచ్చింది. ఉత్తర్వులోని రెండో భాగంతో అవసరం పడలేదు.

డెబ్బై ఒకటి డిసెంబరులో పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. టెలిగ్రాములు ఆగిపోయాయి. వీధి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ ఒక్క ఇంట్లోనే ఊపిరాడలేదు. తల్లి పద్మావతమ్మ తోమిన గిన్నెలనే మళ్లీ తోమేది. టపా తెచ్చే భద్రాచలం బస్సు హారన్ వినపడితే ప్రమీల బళ్లో బెంచీ మీద కూర్చోలేక లేచి పరుగెత్తేది.

"ఇయ్యాల గూడ ఏం రాలే బిడ్డా," అనేవాడు పోస్టుమన్ పిచ్చయ్య. "సంబురపడరాదు?"

"మా నాయిన సంగతి నీకెరుక లేదా తాతా? మంచిగుంటే ఊకుంటడా?"

"ఊకోడు," అని ఒప్పుకొని, పిచ్చయ్య ఖాళీ సంచిని మరోసారి దులిపేవాడు.

యుద్ధం ముగిసింది. రేడియో విజయఘోష చేసింది. టెలిగ్రాము మాత్రం రాలేదు.

జనవరిలో ఒకనాడు పిచ్చయ్య ఒక కార్డు తెచ్చాడు. టెలిగ్రాములను పరుగున చేర్చే మనిషి, ఆ రోజు నడిచి వచ్చాడు. ఊరి కార్డులన్నీ అందరికంటే ముందు తానే చదివే పుణ్యాత్ముడు, దీన్ని మాత్రం చదవలేదు. చిరునామాలోని వంకర అక్షరాలు హవల్దారువి కావు. అవి చూసి పద్మావతమ్మ గడపలోనే కూలబడింది. అక్బరీ బేగం శోకం అందుకోబోయింది.

"ఆగుండ్రి!" అంది ప్రమీల. "నేనింకా చదువలే."

కార్డు అందుకొని తిప్పి, పైకి చదివింది:

"చి. ప్రమీలకు. ఇది నా ఎడమచేతి రాత, నవ్వకు. కుడి చెయ్యి పోయింది. తక్కిన నేనంతా దవాఖానాలో క్షేమం. ఇట్లాంటి కబురు టెలిగ్రాములో వస్తే మీరు భయపడతారని కార్డు రాస్తున్నాను. అక్షరాలు నేర్చుకునేసరికి ఆలస్యమైంది."

చదవడం పూర్తయింది. ఉత్తర్వులోని రెండో భాగం అమలులోకి వచ్చింది. ప్రమీల అక్బరీ బేగం ఒడిలో తలదూర్చి, వీధి ఇన్నాళ్లూ ఏడ్చిందంతా ఒక్కతే ఏడ్చింది.

పద్మావతమ్మ లేచి గోంగూర జాడీ దించింది. "ఎడమచేత్తో ఎట్ల తింటడే?"

"రాసుడు నేర్చిండు, తినుడు నేర్వడా?" అంది కూతురు ముక్కు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం ఆ ఇంటి నుంచి మొట్టమొదటి టెలిగ్రాము సిద్ధమైంది: "గోంగూర బయలుదేరినది. ఉప్పు తక్కువ. ఎడమచేత్తో తినుము."

పిచ్చయ్య దాన్ని రెండుసార్లు చెప్పించుకొని విన్నాడు. "దవాఖానాల టెలిగ్రామంటే మంచాల మీదోళ్లంత బుగులుపడరా బిడ్డా?"

"పడనీ తాతా," అంది ప్రమీల. "మా నాయిన ముందు చదువుతడు."