కుమ్వెండా తాతకు ఎవరు తాగిస్తున్నారు?

లెక్క సరిగ్గానే ఉంది. మనిషే ఉబ్బిపోతున్నాడు.

నర్సు తవోంగా మళ్ళీ కూడి చూసింది. కిడ్నీలు చెడిన మనిషికి నిన్న ఎంత మూత్రం వచ్చిందో అంత, దానిమీద ఇంకో అర లీటరు. ఇవాళ తాగడానికి అంతే. టీ, మాత్రలు మింగే నీళ్ళు, పల్చటి గంజి అన్నీ అందులోకే రావాలి. కుమ్వెండా తాత ఏ రోజూ దాన్ని దాటలేదు. అయినా తూకం పెరిగింది. కాలి మీద వేలు నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడలేదు.

"మాకు చెప్పకుండా ఏమన్నా తాగుతున్నావా తాతా?"

"నాకెవరిస్తారు బిడ్డా? అందరూ కలిసి నన్ను ఎండబెడుతున్నారుగా!"

ఎవరో ఇస్తున్నారు. తవోంగాకు అనుమానం పట్టుకుంది. తాతకు ఇద్దరు భార్యలు. మధ్యాహ్నం దాకా పెద్దామె న్యాగోంద్వే ఉంటుంది, తర్వాత చిన్నామె న్యాలుంగు వస్తుంది. ఈమె వచ్చే వేళకు ఆమె బుట్ట సర్దుకుని వెనక గుమ్మం గుండా వెళ్ళిపోతుంది. ఇద్దరికీ మాటల్లేవు.

ముందు పెద్దామె మీదికే పోయింది మనసు. నర్సు కనబడితే చాలు, ఒళ్ళోని బుట్ట మీద గుడ్డ సర్దుకుంటుంది. ఒక పొద్దున తవోంగా ఆగలేక ఆ గుడ్డ తీసేసింది. ఉడికించిన చిలగడదుంపలు, వాటి కింద ఖాళీ సీసా. మూత తీస్తే తోబ్వా వాసన, పులిసీ పులియని తీపి జొన్న అంబలి.

"ఇదేంటమ్మా?"

"నాకోసం తెచ్చుకున్నా. నాకు దాహం వెయ్యదా?" పెద్దామె గొంతు వార్డంతా వినబడింది. "ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, దొంగని చూసినట్టు చూస్తావా? వెతకాలనుంటే మధ్యాహ్నం వచ్చేదాని సంచీ వెతుకు!"

చుట్టుపక్కల మంచాలవాళ్ళు తలలెత్తి చూశారు. తవోంగాకు చెవులు వేడెక్కాయి. అనుమానం మాత్రం పోలేదు.

మధ్యాహ్నం చిన్నామెను అడిగింది.

"ఆ పెద్దావిడనే అడగండి సిస్టర్. ఆయన బతకడం ఆవిడకి ఇష్టమో కాదో!" అంటూనే చిన్నామె కాలితో ఫ్లాస్కును మంచం కిందికి నెట్టింది.

ఇంటికి నడుస్తుంటే తవోంగాకు అందరూ అనుమానంగానే కనబడ్డారు. టీ పోసే అతను, పక్క మంచం కుర్రాడి తల్లి, ఆఖరికి తన తర్వాత డ్యూటీకి వచ్చే నర్సు కూడా. ఇద్దరు భార్యలూ ఒకరిమీద ఒకరు చెప్పడం నిజమే, కానీ ఏ ఒక్కరి మొహంలోనూ తప్పు చేసిన బెదురు లేదు. కోపమే ఉంది. అదే ఆమెకు అంతుపట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం చిన్నామె రాగానే, వెళ్ళబోతున్న పెద్దామెకు ఎదురుగా తవోంగా వెనక గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఒక్క నిమిషం ఉండమ్మా. ఇద్దరి ముందూ అడుగుతాను. పొద్దున తాతకు ఏమిచ్చావు?"

"కప్పు నీళ్ళు, అర కప్పు టీ," అంది పెద్దామె గోడ వైపు చూస్తూ.

"పచ్చి అబద్ధం!" చిన్నామె ముందుకొచ్చింది. "పొద్దుటినుంచి చుక్క నీళ్ళయినా ఇవ్వలేదని ఆయన రోజూ నా దగ్గర ఏడుస్తాడు. అందుకే... చూడలేక..."

"నీ దగ్గర ఏడుస్తాడా?" పెద్దామె మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "నిన్న మధ్యాహ్నం నుంచీ నువ్వు నోరు కూడా తడపలేదని నా దగ్గర ఏడుస్తాడే! ఆ పాపిష్టిది నన్ను చంపేస్తోంది, కొంచెం తోబ్వా పొయ్యవే అని!"

ముగ్గురూ మంచం వైపు తిరిగారు. కుమ్వెండా తాత కళ్ళు గట్టిగా మూసుకుని గురక పెడుతున్నాడు.

"లే!" అంది పెద్దామె.

గురక ఆగింది. "మీరిద్దరూ మాట్లాడుకుంటారని నేననుకోలేదు," అన్నాడు తాత కళ్ళు తెరవకుండానే. తర్వాత కళ్ళు తెరిచి తవోంగాను చూశాడు. "నాలుక బెరడైపోయింది బిడ్డా. రాత్రంతా ఏరు కలలోకి వస్తుంది."

ఇన్నాళ్ళూ తవోంగా ఎంత తాగావని అడిగిందే కానీ, దాహం ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. తడిగుడ్డ తెచ్చి అతని పెదవులు తుడిచింది. నీళ్ళు పుక్కిలించి ఊసెయ్యొచ్చని చెప్పింది. తర్వాత పెద్దామెకు ఎదురుగా నిలబడి, "బుట్ట వెతికినందుకు తప్పయిపోయిందమ్మా," అంది.

"తప్పే," అంది పెద్దామె. "కానీ సీసా సంగతి నిజమేలే."

ఆనాటి నుంచి రోజుకు తాగాల్సినదంతా పొద్దున్నే అందరి ముందూ ఒకే సీసాలో పోసేవారు. ఇద్దరూ రోజంతా ఉండేవారు; పెద్దామె సీసా పట్టుకునేది, చిన్నామె చిన్న కప్పుతో అందించేది. ఒకరికొకరు మాట్లాడుకోకపోయినా, ఒకరి చెయ్యి ఒకరు కనిపెట్టుకుని ఉండేవారు. వారం తిరగకుండా కాళ్ళ వాపు దిగి చర్మం ముడతలు పడింది.

తవోంగా తూకం చూసి వెళ్ళిపోతుంటే వెనక నుంచి పుక్కిలించిన చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం.

"ఊసలేదు!" అన్నారు ఇద్దరు ఆడవాళ్ళూ ఒక్కసారే. "నోరు తెరు!"