తలకెక్కిన పేజీ

నేను ఒక వైద్య పత్రికను. మత్తు డాక్టర్లు చదువు మరిచిపోకుండా ఉండేందుకు నన్ను అచ్చేస్తారు. చివర్లో ప్రశ్నలుంటాయి. జవాబులు పంపితే పాయింట్లు వస్తాయి, పాయింట్లుంటేనే రిజిస్ట్రేషన్ నిలుస్తుంది. అందుకని అందరూ తెప్పించుకుంటారు. చదవరు.

డాక్టర్ సువర్చల కూడా అంతే. ఏ నర్సింగ్ హోమ్ పిలిస్తే అక్కడికి కారేసుకుని పరిగెత్తే మనిషి. ఆ కారులో నేను విసనకర్రనయ్యాను, ఎండకు అడ్డమయ్యాను, ఇడ్లీ పొట్లం కింద పీటనయ్యాను. ఒక రోజు నిడదవోలు రైల్వే గేటు పడింది. ఫోన్లో చార్జింగ్ లేదు. గతిలేక నన్ను తెరిచింది. ఒక్క పేజీ చదివిందో లేదో గేటు లేచింది, నేను మూతపడి ఆమె సంచిలో పడ్డాను.

ఆ మధ్యాహ్నమే కాజాల కొట్టు వీర్రాజు ఆపరేషన్ బల్ల ఎక్కాడు. పేగు మెలిపడింది, ఆగడానికి లేదు. అమ్మినంతా తానూ తిన్నాడేమో, మెడ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. మత్తిచ్చాక ఊపిరి గొట్టం గొంతులోకి దిగలేదు. మాస్కుతో గాలి కొట్టినా లోపలికి పోవడం లేదు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మానిటర్ కూత బొంగురుపోతోంది.

సువర్చలకు గేటు దగ్గరి పేజీ గుర్తొచ్చింది. లావు మనిషికి భుజాలూ తలా ఎత్తాలి, చెవి రంధ్రం రొమ్ము ఎముక పైఅంచుకు సమానంగా రావాలి. ఉన్న దుప్పట్లన్నీ కుక్కించింది. ఇంకా కాస్త ఎత్తు చాలలేదు. సంచిలోంచి నన్ను లాగి అతని తల కిందికి తోసింది.

కత్తితో సిద్ధంగా ఉన్న సర్జన్ కామరాజు చూస్తూ ఊరుకోలేదు. "పరీక్ష ముందు పిల్లలు పుస్తకం తల కింద పెట్టుకున్నట్టు, ఏంటమ్మా ఇది?"

"నా తలకెక్కింది ఒక్క పేజీ సార్. మిగతాదంతా ఆయన తలకి."

గొట్టం దిగింది. కూత మళ్లీ గొంతు సవరించుకుంది.

కోలుకున్న వీర్రాజు సంగతి విని, డాక్టరమ్మను అడిగి మరీ నన్ను పట్టుకుపోయాడు. గల్లాపెట్టె పైన దేవుడి పటం పక్కన పెట్టి, పసుపు కుంకుమలద్ది, అగరుబత్తి వెలిగించాడు. అక్కడా ఎవరూ చదవలేదనుకోండి.

కొన్నాళ్లకు సువర్చల రొప్పుతూ వచ్చింది. జవాబులు పంపడానికి మర్నాడే ఆఖరు, పాయింట్లు చాలడం లేదు.

"ఒక్కరోజు ఇవ్వండి వీర్రాజుగారూ."

"పూజలో పెట్టింది గడప దాటించకూడదండి. కావాలంటే ఇక్కడే చూసుకోండి. చెప్పులు మాత్రం బయటండి."

అట్ట నుంచి అట్ట దాకా నన్నొక మత్తు డాక్టరు చదవడం అదే మొదటిసారి. నిలబడి, చెప్పులు విడిచి, మధ్యమధ్య కాజా కొరుక్కుంటూ.