వెనక గొంతు

సాంబల్ పచ్చడి నూరడం అయ్యాక చేతులు కడుక్కుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. "మళ్లీ మొదలైంది. పొద్దస్తమానం ఎవడెవడి వాగుడో వినడం, అదో ఉద్యోగం!" అంది అత్తగారు వంటింట్లోంచి. సెలవు రోజని ఇంట్లోనే ఉన్న మా ఆయన యాయత్ నవ్వాడు. ఆయన బండుంగ్ నగరంలో చేసేది ఉద్యోగం, నేను ఇంట్లో చేసేది కాలక్షేపం.

నా పని యంత్రానికి మా సుండా భాష వినడం నేర్పడం. జనం ఫోన్ ముందు కూర్చుని, ఇచ్చిన వాక్యాలు చదువుతారు. అవి విని మాట మాటా టైపు చేసి, ఏ వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తు పెట్టాలి. చదివే మనిషి మాటలే లెక్క. వెనకాల గిన్నెల చప్పుడైనా, కోడి కూతైనా, ఇంకో మనిషి గొంతైనా అన్నిటికీ ఒకటే గుర్తు: రొద. అది చూసి, దాన్ని పట్టించుకోకూడదని యంత్రం నేర్చుకుంటుంది. ఆ వెనక గొంతులు దాదాపు అన్నీ ఆడవాళ్లవే. టీ చల్లారిపోతోందని ఒకామె, పాపని కాస్త ఎత్తుకోరూ అని ఇంకొకామె. ఎవరూ జవాబు చెప్పరు. అన్నం వండుతున్నా, బట్టలారేస్తున్నా వాళ్లు నా చెవిలోనే ఉంటారు. నాకు భయమేస్తుంది.

ఇవాళ వచ్చినవి పాత రికార్డింగులు, ఎవరో ఒకసారి గుర్తులు పెట్టినవి. పేర్లుండవు, అంకెలే. మూడోది తెరవగానే యాయత్ గొంతు. ముందు నవ్వొచ్చింది. రెండేళ్ల కిందట ఒక ఆదివారం, ముందుగదిలో కూర్చుని ఆయన కూడా నూట ఇరవై వాక్యాలు చదివాడు.

ఆ ఆదివారమే నా కడుపు పోయింది. ఐదో నెల.

అప్పట్నుంచి ఇంట్లో ఒకటే మాట. "పిలిస్తే రాకపోదునా నెంగ్? ముందుగదిలోనే ఉన్నాను కదా" అంటాడాయన, ముద్దుగా నెంగ్ అని పిలుస్తూ, ఎంతో దయగా. "నోట్లో నాలుక లేదా? ఒక్క కేక వేస్తే నా మనవడు దక్కేవాడు" అంటుంది ఆ రోజు ఊళ్లో లేని అత్తగారు. పిలిచానని మొదట్లో అన్నాను. తర్వాత, ఏమో, ఆ నొప్పిలో పిలిచాననుకున్నానేమో అనుకున్నాను. చివరికి వాళ్ల మాటే నమ్మి, నా బిడ్డని నేనే పోగొట్టుకున్నానని రోజూ ఏడ్చాను.

నలభై ఒకటో వాక్యం దగ్గర రొద అని గుర్తుంది. వెనక్కి తిప్పి, శబ్దం పెంచాను.

"అకాంగ్." స్నానాలగది వైపునుంచి, సన్నగా. "అకాంగ్, రక్తం పోతోంది."

నా గొంతే. నేను మొగుణ్ణి పిలిచే పిలుపే. మూడోసారి పిలిచాక యాయత్ చదవడం ఆపాడు. కుర్చీ జరిగింది. లేచాడు, వస్తున్నాడు అనుకున్నాను. రాలేదని తెలిసి కూడా అనుకున్నాను. తలుపు మూసిన చప్పుడు. ఆయన మళ్లీ కూర్చుని, గొంతు సవరించుకుని, "మామిడిపళ్లు తియ్యగా ఉన్నాయి" అని మొదట్నుంచి చదివాడు.

ఆ ముక్క మళ్లీ ఒకసారి విన్నాను. తర్వాత రొద గుర్తు చెరిపేసి, నేనన్న ప్రతి మాటా టైపు చేశాను. మాట్లాడిందెవరు అన్నచోట నినింగ్ అని నా పేరు రాశాను. పై వాళ్లు ఒప్పుకోరు. పని పోతే పోనీ.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి. మీరూ రండి" అని ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఇయర్‌ఫోన్లు పీకేసి, గట్టిగా పెట్టాను.

తలుపు మూసిన చప్పుడు వచ్చేసరికి అత్తగారు నావైపు చూడలేదు. కొడుకు వైపు చూసింది.