ఆదివారం కమాన్లు

రాజనర్సయ్య ఫియట్ కారు వారమంతా బడిపంతులు, ఆదివారం ఒక్కపూట రౌడీ. మామూలు రోజుల్లో మెడలో 'ఎల్' బోర్డు వేసుకుని, అమీర్‌పేట గల్లీల్లో గుమాస్తాలకూ కొత్త కోడళ్లకూ క్లచ్చు తొక్కడం నేర్పేది. ఆదివారం పొద్దున మాత్రం సనత్‌నగర్ అవతల, ఫ్యాక్టరీలు మూతబడిన తిన్నని రోడ్డు మీద ఇంకో బండి పక్కన నిలబడి, నీళ్ల ట్యాంకు దాకా ఎవరు ముందు పోతారో తేల్చుకునేది.

తేల్చుకోవడమంటే ఈమధ్య ఓడిపోవడమే. గెలిచేది బుల్లబ్బాయి. గోదావరి దిక్కు నుంచి వచ్చిన కాంట్రాక్టరు, చొక్కా నలగనివ్వడు, మాట మాత్రం నేరుగా కడుపులో దింపుతాడు.

"ఏంటి నర్సయ్యగారూ, మీ బండి చెయ్యి బయటపెట్టి సైగ చేస్తేగానీ కదలదా? పాపం, పాఠం మర్చిపోలేదు!"

చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు వారం పొడుగూతా రాజనర్సయ్యకు అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది.

శనివారం పంజగుట్టలోని హైదర్ షెడ్డుకు పోయాడు. ఇద్దరిదీ పాత దోస్తీ. హైదర్ బండి కింద దూరి, నల్లబడ్డ మొహంతో బయటకొచ్చాడు.

"ఇంజన్ల దమ్మున్నది, నర్సన్నా. చక్రాలే నేలను పడ్తలేవు. నువ్వు క్లచ్చు ఇడ్వంగనే ఎనక చక్రాలు కుందేళ్ల లెక్క ఎగురుతున్నయ్."

"మరెట్ల?"

"సీదా ఉరకాల్నంటే ముక్కు పైకి లేవాలె, బరువంతా ఎనకకు పోయి చక్రాల మీద కూసోవాలె. గందుకు ముందర వదులు, ఎనక బిగువు. మలుపులు తిరగాల్నంటే లెక్క ఉల్టా. ముందర వదులైతే బండి కుదురుగ ఉండదు. తిరిగేటప్పుడు బ్రేకేస్తివా, ముక్కు నేలకు గుద్దుకుంటది, తోక తప్పిపోతది."

"రెండు పనులకూ ఒక్కటే తీరుగ కుదరదా?"

"ఎందుకు కుదరదు? ఎనక కమాన్ పట్టీలు జర బిగిస్త. ముందరి షాకప్పులు, అడ్డకడ్డీ ఉన్నయి ఉన్నట్టే ఉంచుత. సోమవారం సుత హాయిగ నడుస్తది."

"బుల్లబ్బాయిని కొడ్తనా?"

హైదర్ చేతులు తుడుచుకున్నాడు. "దగ్గర దాంక పోతవ్."

దగ్గర దాకా పోవడం రాజనర్సయ్యకు అలవాటే. అందుకే ఆ మాట గిట్టలేదు.

"మొత్తం రేసుకే కట్టు. రేపు పగటీలికి ఇప్పేద్దాం."

"ఇప్పుడు పక్కానా? ఎల్లుండి నీ మరదలి పరీచ్చ గదనే?"

"నాకు ఎరుకలేదా? నువ్వు పాన పట్టు."

మరదలు భూలక్ష్మి, రాజనర్సయ్య భార్య చెల్లెలు. మొగుడు ఎటో పోతే అక్క ఇంటికి వచ్చి, నాలుగిళ్లలో పాచిపని చేసుకుంటూనే బావ దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంది. అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టలు వాళ్లు, సోమవారం లైసెన్సు పరీక్ష పాసైతే వ్యాను తాళాలు చేతిలో పెడతామన్నారు. కాకుంటే ఇంకొకరు తయారుగా ఉన్నారట.

హైదర్ వెనక ఇరుసు బరువు మోసే స్ప్రింగు బద్దల్లాంటి కమాన్ పట్టీల ముందు సగాన్ని ఇనుప బిళ్లలతో కదలకుండా బిగించాడు. కుదుపులు ఆపే ముందరి షాకప్పులు తీసి, సత్తువ చచ్చిన పాతవి వేశాడు. ముందు చక్రాలను కలిపి బండి ఒరిగిపోకుండా పట్టే అడ్డకడ్డీని ఊడదీసి షెడ్డులో మూలకు పెట్టాడు. అతనికీ సరదాగానే ఉంది. చేస్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నాడు.

ఇంటికి వస్తుంటే మార్కెట్ దగ్గర, కూరగాయల వాళ్లు నీళ్లు చల్లిన మలుపులో బండి తోక ఒక్క జానెడు పక్కకు జారింది. జారి, మళ్లీ దారికొచ్చింది. రాజనర్సయ్యకు ఒళ్లు జల్లుమంది. భయం కాదు, హుషారు.

ఆదివారం గెలిచాడు. ముక్కు పైకెత్తి పోయిన ఫియట్టు నీళ్ల ట్యాంకు దాటేసరికి బుల్లబ్బాయి ఇంకా వెనకే ఉన్నాడు. దిగి వచ్చి చెయ్యి కలిపాడు గానీ నోరు ఊరుకోలేదు.

"గెలిచారు, బాగుంది. కానీ మీ బండి చూస్తుంటే నాకు భయమేసిందండీ. రేపు దీంతోనేనా పాఠాలు?"

"నీకెందుకన్నా గా ఫికర్?" అని నవ్వేశాడు రాజనర్సయ్య.

మధ్యాహ్నం పంజగుట్టకు పోతే షెడ్డుకు తాళం. హైదర్ మేనమామ పోయాడనీ, జహీరాబాద్ వెళ్లాడనీ, రావడం మంగళవారమేననీ పక్క హోటలతను చెప్పాడు. అడ్డకడ్డీ, మంచి షాకప్పులు లోపలున్నాయి. తాళం పగలగొట్టి, ఇంకో మెకానిక్కుతో బిగించుకోవచ్చు. కానీ హైదర్ సంగతి తెలిసిందే: తను కట్టిన బండి మీద ఇంకొకడి చెయ్యి పడితే ఆ మనిషిని మళ్లీ గడప తొక్కనివ్వడు. ఇంకో స్కూలు బండి అడుగుదామంటే, ఎందుకని అడుగుతారు. రేసుల సంగతి బయటపడితే పాఠాలకు ఎవరొస్తారు?

రాజనర్సయ్య బుర్ర అప్పుడు ఊరికి పోయింది. ఊళ్లో ఖాళీ ట్రాలీ బండరాళ్ల బాట మీద ఎగిరెగిరి పడేది. వడ్ల బస్తాలు వేస్తే కమాన్లు దిగి, మెత్తగా పోయేది. ఇదీ అంతే గదా అనుకున్నాడు. పక్కన కడుతున్న ఇంటి మేస్త్రీని అడిగి సిమెంటు బస్తాలు తెచ్చి డిక్కీలో వేశాడు. బండి వెనక దిగింది. గుంతలో నడిపి చూశాడు. ఎగరలేదు. రోగం నయమైందనుకున్నాడు. అసలే తేలికపడ్డ ముక్కు ఇంకా తేలికైందనీ, తప్పిపోయే తోకకు తానే బరువు కట్టాడనీ తట్టలేదు.

సోమవారం పొద్దున తుప్పర పడుతోంది. భూలక్ష్మి ఇస్త్రీ చీర కట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. ఎడమ పక్కన రాజనర్సయ్య, కాలి కింద నేర్పేవాళ్లకుండే రెండో బ్రేకు.

"బావా, ఇదేంది, బండి ఉయ్యాల లెక్క ఊగుతున్నది?"

"నీ బరువుకే."

"నా బరువు నాకెరుక. డిక్కీల ఎవల పీనుగనన్న పెట్టినవా ఏంది?"

"సిమెంటు. కుదురుగ పోతదని. నువ్వు రోడ్డు సూడు."

"స్టీరింగు చేతికి తగుల్తలేదు బావా. పట్టుకున్నట్టే లేదు."

అప్పుడైనా ఆమెను దించేయొచ్చు. ఆటోలో పోదామనొచ్చు. కానీ పరీక్షకు బండి ఎవరిస్తారు? ఏమైందని అడిగితే ఏం చెప్పాలి? "మెల్లగ పో," అన్నాడు.

"నువ్వేనా మెల్లగ పొమ్మనేది!" అని నవ్వింది. కానీ మెల్లగానే పోనిచ్చింది. పంజగుట్ట చౌరస్తాలో ముసలామెను దాటనిచ్చి మరీ కదిలింది. ఎర్రమంజిల్ దిగుడులో, రోడ్డు ఎడమకు వంగే చోట, ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది. భూలక్ష్మి కంగారుపడలేదు. యాక్సిలరేటరు మీద కాలు తీసి, స్టీరింగు కొంచెం తిప్పింది. తోపుడుబండి పక్కన రెండు కార్లు పట్టే జాగా ఉంది. దాటేసేదే.

రాజనర్సయ్య కాలే ఆగలేదు. శనివారం హైదర్ చెప్పిందంతా ఒక్కసారి కళ్లముందుకొచ్చి, ఆ భయంలో, చెయ్యకూడదన్నదే చేశాడు. బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు.

ముక్కు నేలకు గుద్దుకుంది. తడి రోడ్డు మీద తోక గిర్రున తిరిగింది. ఎదురుగా దిగుడెక్కి వస్తున్న సిటీ బస్సు డ్రైవరు ఆపాడు గానీ, ఫియట్టే పక్కకు జారుకుంటూ పోయి దాని మూతికి తగిలింది. భూలక్ష్మి కూర్చున్న పక్కే.

జనం మూగారు. నొక్కుకుపోయిన తలుపును ఇద్దరు పట్టి లాగితే గానీ ఆమె బయటకు రాలేదు. కుడిచెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడుతోంది. ఏడవలేదు.

"ఆడామె చేతికి బండిస్తే గిట్లనే అయితది," అన్నాడెవరో.

కానిస్టేబుల్ వచ్చాడు. "ఎవరు నడుపుతున్నరు?"

"నేనే సార్," అంది భూలక్ష్మి. "కానీ బ్రేకు నేను తొక్కలే. తొక్కే పనే లేకుండె."

కానిస్టేబుల్ రాజనర్సయ్య వైపు తిరిగాడు. ఒక్క మాట నిజం చెబితే, అతను వంగి బండి కింద చూస్తాడు. రేసులు, షెడ్డు, స్కూలు బోర్డు, అన్నీ ఒకదాని వెంట ఒకటి బయటకొస్తాయి.

"కొత్త గద సార్," అన్నాడు రాజనర్సయ్య. "బెదిరి తొక్కింది."

భూలక్ష్మి బావ మొహంలోకి చూసింది. పరాయివాణ్ని ఆనవాలు పట్టడానికి చూసినట్టు చాలాసేపు చూసింది. తర్వాత ఎడమచేత్తో కుడిచేతిని గుండెకు అదుముకుని, ఆగి ఉన్న ఆటో దగ్గరికి నడిచింది.

"భూలక్ష్మీ, ఆగు, నేను సుత వస్త," అన్నాడు.

"దవాఖానకు పోనియ్ అన్నా," అంది ఆమె ఆటోవాడితో. "నా ఎంబటి ఎవ్వలు లేరు."