పాత ఎర్త్ వైరు

అక్క సంచి సర్దుతూ ఉంది. నాలుగు చొక్కాలు, రెండు తువ్వాళ్ళు, ఒక దుప్పటి, తలనొప్పి మాత్రలు. సర్దినవన్నీ తీసి మళ్ళీ మొదటి నుంచి సర్దింది. అది మూడోసారి. సంచి మూతి కడితే తమ్ముడు వెళ్ళిపోతాడు మరి.

ఎవరైనా గడప దాటుతుంటే చాలు, ఇక తిరిగి రారేమోనని ఆమెకు భయం. నాన్న పనికని వెళ్ళి అటే పోయాడు. చెల్లెలు కాపురానికి వెళ్ళి ఉత్తరం ముక్క రాయలేదు. మిగిలింది తాను చంకనెత్తుకుని పెంచిన ఈ తమ్ముడొక్కడే.

వాడికో డీజిల్ ట్రక్కు ఉంది. సబ్బుల కంపెనీవాళ్ళు ఊరూరా తిరిగి ప్రచారం చేసే పని ఇస్తే, వెనక నాలుగు పెద్ద స్పీకర్లు, రెండు యాంప్లిఫయర్లు పెట్టించుకున్నాడు. తీరా పాట పెడితే, దరువు పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు కునికిపాట్లు పడ్డాయి. బండిని నేరుగా బావ, అంటే అక్క మొగుడి షెడ్డుకి తోలుకొచ్చాడు. బావ ముప్పై ఏళ్ళుగా బండ్ల కరెంటు పని చేస్తున్నవాడు.

"నీ బండికి తిండెక్కువ, సంపాదన తక్కువ బామ్మర్దీ. అచ్చం నీ పోలికే."

"మీ షెడ్డులో తిట్లు మాత్రం వెంటనే దొరుకుతాయి బావా. పనికే వారం పడుతుంది."

నిజంగానే వారం పట్టింది. పాత డైనమో తీసేసి దానికి మూడింతలు కరెంటు పుట్టించేది బిగించాడు. కొత్త బ్యాటరీ పెట్టాడు. డైనమో నుంచి బ్యాటరీకి బొటనవేలంత లావు వైరు లాగి, మధ్యలో ఫ్యూజు వేశాడు.

బావకు ఒక అలవాటు ఉండేది. తనకు నచ్చిన మనిషి బండిలో ఏదో చిల్లర పని మిగిల్చేవాడు. హారన్ బటన్ వదులుగా ఉండేది, లేదా క్యాబిన్‌లో బల్బు వెలిగేది కాదు. "నెల పోయాక రండి, చూద్దాం" అనేవాడు. వాళ్ళు వచ్చేవారు, కూర్చుని నాలుగు కబుర్లు చెప్పి వెళ్ళేవారు.

ప్రయాణం రోజు పొద్దున్నే అక్క షెడ్డులోకి వచ్చింది.

"వాడి బండిలో ఏం మిగిల్చారు?"

"హారన్ బటన్."

"దానికోసం వాడొస్తాడా? నోటితో కూత వేసుకుంటూ పోతాడు. వచ్చి తీరాల్సింది ఏదైనా మిగల్చండి."

బావ అప్పుడే ఇంజనుకూ బండి ఇనప చట్రానికీ మధ్య ఉన్న పాత ఎర్త్ వైరు విప్పి, బోల్టు గీకి తుడుస్తున్నాడు. కొత్త వైరు కోసి పక్కనే పెట్టుకున్నాడు.

"ఇక ఇదొక్కటే ఉంది. ఇది మిగిల్చే పని కాదే. కరెంటు వెళ్ళే దారి లావైతే చాలదు, తిరిగొచ్చే దారీ అంతే ఉండాలి. లేకపోతే కాలుతుంది."

"ఎన్నాళ్ళకి?"

"సౌండు తగ్గించుకుంటే నెల ఆగొచ్చు."

"నెల చాలు. తగ్గించమని నేను చెప్తాను. పెళ్ళయ్యాక మిమ్మల్ని ఒక్కటంటే ఒక్కటి అడిగానా?"

"రోజుకొకటి అడిగావు" అన్నాడు బావ. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి కొత్త వైరు పక్కకు నెట్టాడు. పాత వైరే బిగించాడు.

తమ్ముడు సంచి సీటు మీద పడేసి బండెక్కాడు.

"ఒరేయ్, సౌండు సగమే పెట్టుకో. చెవులు పోతాయి."

"సగం సౌండుకి సగం జీతమే ఇస్తారక్కా!"

"నెల తిరక్కుండా ఒకసారి బండి తీసుకురా" అన్నాడు బావ. ఎందుకో చెప్పలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. చేతులకు గ్రీజు ఉందని బావ స్పీకర్ నొక్కాడు. అక్క షెడ్డు పక్కనే వాకిట్లో బట్టలు పిండుతూ ఉంది. ప్రతి మాటా వినబడింది.

"యాంప్లిఫయర్లు రెండూ పోయాయి బావా. ఎర్త్ చాలక కరెంటు యాక్సిలరేటర్ కేబుల్లోంచి పోయిందట. కేబుల్ కాలి ఇరుక్కుని, యాక్సిలరేటర్ తొక్కినట్టే ఉండిపోయింది. దిగుడులో బండి ఆగలేదు. గోడకు రాసుకుంటూ పోయి ఆగింది కాబట్టి బతికాను. కంపెనీవాళ్ళు పని వేరేవాడికిచ్చారు."

బావ ఫోనుకు దగ్గరగా వంగాడు. "మర్చిపోయానురా."

"మర్చిపోయినవాడు బోల్టు విప్పి, తుడిచి, మళ్ళీ పాతదే బిగిస్తాడా? ఇక్కడి మేస్త్రి చూపించాడు. నేను బాగుపడితే మీకేం పోయింది బావా?"

బావ తలెత్తి అక్క వైపు చూశాడు. నేనే చేయించానురా అని ఒక్క మాట చాలు. ఆమె నోరు తెరిచింది. చెబితే వాడు తనను కూడా వదిలేస్తాడనిపించింది. చేతిలోని చొక్కాను ఇంకాస్త గట్టిగా పిండింది.

"అక్కకి చెప్పకండి, బెంగపెట్టుకుంటుంది" అని తమ్ముడు ఫోను పెట్టేశాడు.

తర్వాత ఆమె ఫోన్ చేస్తే రెండు మూడుసార్లు మాట్లాడాడు. "రారా" అంటే, "బావ ఉన్న ఇంటికా?" అన్నాడు. అప్పుడు కూడా ఆమె చెప్పలేదు. కొన్నాళ్ళకి వాడి నంబరు కూడా పనిచేయకుండా పోయింది. బావ ఆమెను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. షెడ్డులో మరే బండికీ పని మిగల్చలేదు.

తమ్ముడు ఏప్రిల్ తొమ్మిదిన వెళ్ళాడు. పన్నెండేళ్ళయింది. తిరిగి రాలేదు.