వచ్చి పండుకున్నడు

నిరుడు మే పద్దెనిమిదో తేదీన నేను సర్వపిండి తిన్నాను. తేదీ గుర్తుండిపోవడానికి కారణం, ఆ తర్వాత చాలా రోజులు పక్కింటి సారవ్వ పొయ్యి దగ్గరికి పోలేకపోవడం. ఆ రోజు బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ దండిగా వేసి కాల్చి, గోడ మీదుగా అందించింది. "వేడి మీద తిను పంతులూ. చల్లారితే తోలు లెక్కయితది" అంది.

మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. నేను బొగ్గు కంపెనీ ఆఫీసులో చేసి రిటైరయ్యాక గోదావరిఖనిలో ఈ ఇల్లు కట్టుకున్నాను. సారవ్వ భర్త నర్సింగం గనిలో పనిచేసి, ఆరేళ్ళ కింద పోయాడు. ఆయనను అన్నా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆమె నాకు వదినె; ఆఫీసులో రాతపని చేసినవాణ్ణని నేను ఆమెకు పంతులు. ఇప్పుడు గనిలోకి దిగుతున్నది కొడుకు రఘుపతి. కోడలు మమత ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

నా భార్య విశాలాక్షి పోయినప్పటి నుంచి నాకు నిద్ర అంతంతే. ఎండాకాలం వరండాలో మంచం వేసుకుంటాను. రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి వచ్చే రఘుపతి సందు మొదట్లోనే బండి ఆపి, చప్పుడు కాకుండా తోసుకొచ్చేవాడు. ముసలివాణ్ణి లేపకూడదని ఎంత మర్యాద అనుకున్నాను. ఇలాంటి చిన్న దయలు చూసినప్పుడు ఇంకొంతకాలం బతకవచ్చనిపిస్తుంది.

ఆ మర్యాద నా కోసం కాదని నెలాఖరులో తెలిసింది. మమత గోడ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"కాకా, మా అత్తమ్మ అడిగితే ఆయన రాత్రి జల్దినే వచ్చిండని చెప్పుండ్రి."

"అర్ధరాత్రి వచ్చిండు గదమ్మా?"

"గా సంగతి తెలిస్తే పండుకోది కాకా. ఆయన వచ్చేదాకా గడపల కూసుంటది. గిన్నెలు సదురుతది, తలుపు తీస్తది, ఏస్తది. నాకు నిద్ర లేదు, పొద్దున్నే మిషన్ మీద కూసోవాలె. అందుకే నిద్ర గోళీ ఏస్తున్నం."

"మరి నడుమ లేస్తే?"

"లేస్తే, ఆయన వచ్చి పండుకున్నడని చెప్తున్న. నువ్వే అన్నం పెట్టినవ్ గద అత్తమ్మా, మర్చిపోయినవా అంటే ఊకుంటది."

గనిలోకి పోయిన మనిషి ఇల్లు చేరేదాకా ఆడవాళ్ళు నడుము వాల్చకపోవడం ఈ బస్తీలో కొత్త సంగతి కాదు. సారవ్వ కాపురానికి వచ్చినప్పటి నుంచి అలాగే బతికింది. నర్సింగం వచ్చి, ఒంటి మసి కడుక్కొని, నాలుగు ముద్దలు తిన్నాకే ఆమె పక్క వేసేది. ఒంటికి పట్టిన ఆ అలవాటు మొగుడు పోతే పోతుందా?

"తప్పమ్మా, ఆమెకు మతి పోయిందని ఆమెనే నమ్మిస్తున్నరు" అన్నాను.

"ముసలితనంల మరుపు ఉండదా కాకా? ఆమె మంచికే" అని మమత లోపలికి పోయింది.

ఆ మాట నాకు చద్దికూటి మీద ఈగలా అనిపించింది.

గోళీలు ఇచ్చేది మూలమీది మందుల దుకాణం ఎల్లేశం. సాయంత్రం వాడి దగ్గరికి పోయాను. చీటీ అడగడు, వయసు అడగడు. కత్తెరతో గోళీల పట్టీని ముక్కలుగా కత్తిరించి, పేపర్లో చుట్టి ఇస్తున్నాడు. పక్కనే తింటున్న మిరపకాయ బజ్జీ నూనె వేళ్ళకు అలాగే ఉంది.

"సారవ్వకు ఇస్తున్నవట. డాక్టర్ రాసిండా?"

"డాక్టర్ ఎందుకు సార్? మొదట సగం ఇచ్చిన. సరిపోలే. ఒకటి చేసిన. ఇప్పుడు రెండు." నవ్వాడు. "ఈ గల్లీల సగం మంది ముసలోళ్ళు నా పుణ్యంతోనే గుర్రు పెడుతున్నరు. మీకు కూడ ఓ నాలుగు కట్టాల్నా? మొదటిసారి గద, ఊరికెనే ఇస్త."

"నీ తల్లికి గూడ గిట్లనే ఇస్తున్నవా?"

"మా అమ్మకు నిద్ర మంచిగనే పడ్తది సార్" అన్నాడు, ఏ మాత్రం సిగ్గు లేకుండా, వేళ్ళు నాక్కుంటూ. ఇంటికి వచ్చి రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. వాణ్ణి నేను ముట్టుకోనేలేదు.

రోజులు గడిచేకొద్దీ సారవ్వ పగలు కూడా గోడకు చేరగిలబడి జోగడం మొదలుపెట్టింది. నోటి పక్కన చొంగ, దాని మీద ఈగలు. అడుగు తీస్తే తూలుతుంది. సందులో పిల్లలు ఆమె నడక నడిచి చూపించి నవ్వుకునేవారు. మమత మటుకు కుట్టు ఆపి వచ్చి, చల్లటి గుడ్డతో ఆమె మొహం తుడిచి, తల దువ్వి జడ వేసేది. నేను ఆ చేతుల్ని చూస్తుండేవాణ్ణి. పెరుగన్నంలో గోళీల పొడి కలిపేవీ ఆ చేతులే. ఆ అమ్మాయిని పూర్తిగా అసహ్యించుకోనివ్వకుండా అడ్డం పడేవీ అవే.

రఘుపతితో కూడా మాట్లాడి చూశాను. "మంచిగ పండుకుంటున్నది గద కాకా, ఇంకేం ఫికర్?" అన్నాడు.

జూన్ మొదటి వారంలో ఒక రాత్రి ఆమె లేచి, కొడుకు నిజంగా పడుకున్నాడో లేదో చూద్దామని లోపలి గదివైపు పోబోయి, కుట్టుమిషన్ మీద పడింది. మమత కేక విని గోడ దాటి పోయాను. నుదురు చిట్లింది. చీర తడిసిపోయింది. ఆ వాసనకూ, నెత్తురుకూ నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. మమత మాత్రం మొహం చిట్లించకుండా తన కొంగుతోనే ఆమెను తుడిచింది. ఇద్దరం కలిసి లేపి మంచం మీద పడుకోబెట్టాం. కొద్దిసేపటికి వచ్చిన రఘుపతి, మొహం మీద మసి అలాగే ఉండగా, ఆటో తెచ్చాడు.

దవాఖానలో నుదుటికి కుట్లు వేసిన డాక్టర్ సంధ్యారాణి చిన్న వయసు పిల్ల. మరునాడు సారవ్వ తేరుకున్నాక మంచం అంచున కూర్చొని అడిగింది.

"అవ్వా, రాత్రి ఎందుకు లేచినవ్?"

సారవ్వ మా మొహాలు చూసింది.

"నాకు మతి పోయింది బిడ్డా. నా కొడుకు వస్తడట, నా చేత్తోనే తింటడట. నాకేమో ఒక్క ముద్ద పెట్టినట్టు గూడ యాదికుండదు. కన్నకొడుకుకు పెట్టిన బువ్వ యాదిలేనిదాన్ని ఇంట్ల ఎందుకు? ఏడన్న ఇడిసిపెట్టుమను."

రఘుపతి నేల చూశాడు. మమత కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీ మతికేం కాలేదు వదినె" అన్నాను. "వాడు రోజూ అర్ధరాత్రే వస్తున్నడు. వాడు వచ్చేటప్పటికి నువ్వు గోళీల మత్తుల ఉంటున్నవ్. నువ్వు పెట్టలేదు. పెట్టంది ఎట్ల యాదికుంటది?"

"కాకా!" అంది మమత.

సారవ్వ కొడుకు వైపు తిరిగింది. "నిజమేనారా?"

"నువ్వు పండుకుంటవని గట్ల చెప్పిన్నే అమ్మా..."

"థూ" అంది సారవ్వ. గట్టిగా కాదు. నోట్లోకి చేదు వచ్చినప్పుడు అన్నట్టు. "నేను పిచ్చిదాన్నయిన్ననుకొని ఎన్నిసార్లు ఏడ్చిన్నో ఎరికేనారా?"

డాక్టరు ఎవరినీ తిట్టలేదు. ముసలివాళ్ళకు ఈ గోళీలతో మరుపూ, తూలడమూ వస్తాయని, ఈసారి తుంటి విరగకపోవడం అదృష్టమని చెప్పింది. "ఒక్కసారే ఆపొద్దు. నేను రాసిచ్చినట్టు మెల్లగ తగ్గించాలె. పగలు పండుకోనియ్యకుండ్రి, సాయంత్రం చాయ్ వద్దు. కొడుకు కోసం కూసుంటే కూసోనియ్యుండ్రి. లేటుగ పండుకొని లేటుగ లేస్తది, ఏమైతది?"

తగ్గించిన రోజులు తేలిగ్గా గడవలేదు. సారవ్వకు చెమటలు, చేతుల వణుకు, ఊరికే కోపం. మమతతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు జాకెట్టు చేతులు బిగువయ్యాయని తిట్టింది. మమత తిట్లు తింటూనే కుట్లు విప్పి వదులు చేసింది. ఎల్లేశం దుకాణం మాత్రం ఎప్పటిలాగే నడుస్తున్నది. నేను నమస్కారం మానేశాను. వాడికి అది తెలిసినట్టు కూడా లేదు.

జూలైలో వాన వెలిసిన ఒక రాత్రి, రఘుపతి వచ్చేసరికి సారవ్వ గడపలో పీట వేసుకొని ఉంది.

"ఇంతసేపాయెనేందిరా?"

"బొగ్గు మోసే బెల్టు ఆగింది అమ్మా."

"బెల్టు ఆగితే ఆగింది, నీ కడుపు ఆగుతదా? కాళ్ళు కడుక్కో."

వాడికి అన్నం పెట్టి, తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. మారు వడ్డించింది. వాడు పక్క మీద వాలాక లేచి, లోపల నిద్రపోతున్న కోడలు లేవకుండా ఓ చేత్తో తలుపు రెక్కను ఆనించి పట్టుకొని, మెల్లగా వేసింది.